వెరిటో పేరు చూసి భయపడొద్దు, టైమింగ్ బెల్ట్ బిల్లు అడుగు

సింగరాయకొండ తమ్ముడు అడిగింది క్లుప్తంగా ఇది. ఒంగోలులో ఒక రిటైర్డ్ టీచర్ గారి 2012 మోడల్ మహీంద్రా వెరిటో డీజిల్ అమ్మకానికి వచ్చింది. ఒకటే ఓనర్, మీటరు మీద లక్షా పది వేల కిలోమీటర్లు, లక్షా డెబ్బై వేలు చెబుతున్నారు. ఇంట్లో ఐదుగురు మనుషులు. నాన్నగారికి మోకాళ్ల నొప్పులు, నెలనెలా నెల్లూరు ఆస్పత్రికి తీసుకెళ్లాలి, ఏడాదిలో రెండు మూడుసార్లు తిరుపతి ప్రయాణం ఉంటుంది. "కంపెనీ ఈ బండి ఆపేసింది, స్పేర్లు దొరకవు, ఏదన్నా పోతే తుక్కుకు వేసుకోవాల్సిందే" అని చుట్టాలందరూ టెన్షన్ పెడుతున్నారు. తీసుకోవచ్చా అన్నా, అని.

తీసుకోవచ్చు తమ్ముడూ. స్పేర్ల గురించి మీ చుట్టాలు పెడుతున్న భయంలో పావు వంతే నిజం. కానీ వాళ్లెవరూ చెప్పని అసలు భయాలు మూడున్నాయి: టైమింగ్ బెల్ట్, రేడియేటర్లో పోసిన నీళ్లు, డీజిల్ లైను. ఈ మూడూ బాగుంటే ఆ డబ్బుకు మీ నాన్నగారు ఇంత సుఖంగా ఎక్కి దిగే బండి ఇంకోటి దొరకడం కష్టం. బాగోకపోతే లక్షకు ఇచ్చినా వద్దు. నేను నెల్లూరులో స్పేర్ పార్ట్స్ కౌంటర్ మీద కూర్చుని, తర్వాత సొంత గ్యారేజీ పెట్టుకుని ఈ ఇంజన్ల మీదే ఎక్కువ కాలం పనిచేసినవాణ్ని. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

ముందు ఈ బండి పుట్టుక తెలుసుకో, స్పేర్ల సంగతి అక్కడే తేలుతుంది. దీన్ని తయారు చేసింది మహీంద్రా ఒక్కటే కాదు. ఫ్రాన్స్ కంపెనీ రెనో 1999లో రొమేనియాలోని డాసియా అనే కంపెనీని కొన్నది. అప్పుడు రెనోకు అధిపతిగా ఉన్న లూయీ ష్వైట్జర్, అయిదు వేల యూరోలకు ఒక పూర్తి సైజు కుటుంబం కారు అమ్మాలని పట్టుబట్టాడు. అట్లా 2004లో వచ్చిందే డాసియా లోగాన్. యూరప్‌లో డాసియా లోగాన్, రష్యాలోనూ బ్రెజిల్‌లోనూ రెనో లోగాన్, మెక్సికోలో నిస్సాన్ ఎప్రియో, ఇరాన్‌లో తొండర్ 90. దీన్నే పొడుగు చేసిన బాడీని రష్యాలో 2012 నుంచి లాడా లార్గస్ అని అమ్మారు. వెనక తొట్టి పెట్టి దక్షిణాఫ్రికాలో నిస్సాన్ ఎన్‌పీ200 అన్నారు. మన దేశంలో మహీంద్రా, రెనో కలిసి 2007లో నాసిక్ ఫ్యాక్టరీ నుంచి లోగాన్ పేరుతోనే తెచ్చాయి. 2010లో రెనో పక్కకు తప్పుకుంది, 2011లో మహీంద్రా దానికి వెరిటో అని పేరు మార్చింది. 2013లో డిక్కీ కోసి నాలుగు మీటర్ల లోపుకు కుదించిన వెరిటో వైబ్ వచ్చింది. 2016లో బ్యాటరీతో నడిచే ఈ-వెరిటో కూడా వచ్చింది. ఇన్ని పేర్ల కింద ఉన్న చట్రం మాత్రం ఒకటే.

తక్కువ ఖర్చులో చెయ్యాలన్న పట్టుదల బండి నిండా కనిపిస్తుంది. మొదట్లో వచ్చిన లోగాన్‌కు రెండు వైపుల అద్దాలూ ఒకే అచ్చులో పోసినవి, కుడిది ఎడమకు పనికొస్తుంది. ముందు గ్లాసు వంపు దాదాపు లేకుండా చదునుగా ఉంటుంది. డ్యాష్‌బోర్డు మొత్తం ఒకటే ముక్క. హారన్ స్టీరింగ్ మధ్యలో కాకుండా ఇండికేటర్ కాడ చివర పెట్టారు. పాత లోగాన్ ఎక్కిన మనవాళ్లు ఎదురుగా గేదె అడ్డం వస్తే స్టీరింగ్ మీద గుద్దుతారు, చప్పుడు రాదు. అలవాటు కావడానికి నాలుగు రోజులు పడుతుంది. చూసేవాళ్లకు ఇదంతా చవకబారుగా అనిపించి ఈ బండికి మన ఊళ్లలో మోజు రాలేదు. నా లెక్కలో ఇది చవకబారుతనం కాదు. డబ్బు ఎక్కడ తగ్గించాలో, ఎక్కడ తగ్గించకూడదో తెలిసినవాళ్లు గీసిన బండి ఇది. సస్పెన్షన్‌లో తగ్గించలేదు, ఇంజన్లో తగ్గించలేదు, లోపల జాగాలో అసలు తగ్గించలేదు.

జాగా సంగతి మీ నాన్నగారికి ముఖ్యం కాబట్టి చెబుతున్నాను. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం 2630 మిల్లీమీటర్లు, వెడల్పు 1740. డిక్కీ 510 లీటర్లు. అంటే తిరుపతి వెళ్లేటప్పుడు ఐదుగురి పెట్టెలూ, మీ నాన్నగారి వీల్‌చెయిర్ లాంటిది ఏదన్నా ఉంటే మడిచి అదీ పడుతుంది. సీటు ఎత్తుగా ఉంటుంది, తలుపు వెడల్పుగా తెరుచుకుంటుంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఇప్పటి స్టైలు కార్లలో కూర్చోవాలంటే ముందు కిందికి కుంగాలి, తర్వాత తల వంచాలి, లేచేటప్పుడు తలుపు పట్టుకుని మూలగాలి. ఇందులో కుర్చీలో కూర్చున్నట్టు పక్కకు కూర్చుని కాళ్లు లోపలికి తిప్పుకుంటే చాలు. ఒంగోలు వెళ్లినప్పుడు నాన్నగారిని తప్పకుండా తీసుకెళ్లు. వెనక సీట్లో ఎక్కించి దించి చూడు. ఆయనకు నచ్చకపోతే నేను కింద రాసిందంతా చదవక్కర్లేదు.

ఇక ఇంజన్. వెరిటో డీజిల్లో ఉన్నది రెనో వారి కె9కె, 1461 సీసీ. ఈ బండిలో దాని శక్తి 65 హార్స్‌పవర్. ఇదే కుటుంబం ఇంజన్ను మన దేశంలో డస్టర్, టెరానో, నిస్సాన్ సన్నీ, మైక్రా, రెనో స్కాలా, పల్స్, ఫ్లూయెన్స్ డీజిల్ బండ్లలో పెట్టారు. యూరప్‌లో అయితే మెర్సిడెస్ ఏ క్లాస్ చిన్న డీజిల్లో కూడా ఇదే. ప్రపంచంలో ఇంత విరివిగా వాడిన చిన్న డీజిల్ ఇంజన్లు చాలా తక్కువ. కాబట్టి వెరిటో ఆగిపోయినా దీని ఇంజన్ సామాను ఆగిపోలేదు. ఆయిల్ ఫిల్టరు, సెన్సార్లు, బెల్ట్ కిట్టు, వాటర్ పంపు లాంటివి చాలావరకు దొరుకుతాయి. అయితే దొరకబుచ్చుకునే పద్ధతి తెలియాలి. కౌంటర్ దగ్గరకు వెళ్లి "వెరిటోకు ఫలానాది ఉందా" అని అడిగితే కుర్రాడు కంప్యూటర్లో వెరిటో అని కొట్టి, లేదని చెప్పి పంపేస్తాడు. దీనికి ఒక ఉదాహరణ చెబుతాను.

ఎండాకాలంలో ఒక వెరిటో ట్యాక్సీ నా దగ్గరకు వచ్చింది. పొద్దున బాగానే నడుస్తుంది, మధ్యాహ్నం హైవే మీద కావలి దాటేసరికి ఉన్నట్టుండి ఆగిపోతుంది. అరగంట నీడలో ఉంచితే మళ్లీ స్టార్ట్ అవుతుంది. అంతకుముందు చూపించిన ఒక సర్వీస్ సెంటర్లో పంపు పోయిందన్నారట, ఆ తర్వాత ఇంజెక్టర్లన్నారట. పెద్ద ఖర్చు చెప్పేసరికి అతను భయపడి వచ్చాడు. వేడెక్కితే ఆగి, చల్లబడితే నడిచే జబ్బుకు ఈ ఇంజన్లలో మొదట అనుమానించాల్సింది క్రాంక్ సెన్సార్ని, అంటే ఇంజన్ తిరగడాన్ని కనిపెట్టి కంప్యూటర్‌కు చెప్పేదాన్ని. గేర్‌బాక్స్ ఇంజన్‌కు కలిసేచోట పైన చిటికెన వేలంత ఉంటుంది. విప్పి చూస్తే కనెక్టర్ వైరు ఎండకు పెళుసెక్కి ఉంది, సెన్సార్ కొన మీద సన్నటి ఇనుప పొడి పేరుకుని ఉంది. వెరిటో పేరు మీద ఆ సెన్సార్ ఎక్కడ అడిగినా నెల పడుతుందన్నారు. దాన్ని కిరసనాయిలు గుడ్డతో తుడిస్తే ప్లాస్టిక్ మీదే పది అంకెల రెనో నంబరు అచ్చు వేసి ఉంది. ఆ నంబరు చెప్పి చెన్నైలో రెనో సామాను అమ్మే కొట్టుకు ఫోన్ చేస్తే, మర్నాడు బస్సు పార్సిల్లో వచ్చింది. ఆ డ్రైవర్‌కు మళ్లీ ఆ సమస్య రాలేదు.

దీన్నిబట్టి నువ్వు గుర్తుపెట్టుకోవాల్సింది ఏంటంటే, పార్టు మీద మహీంద్రా స్టిక్కర్ ఉంటే దాన్ని చూసి వదిలెయ్యకు. స్టిక్కర్ పక్కనో కిందనో అచ్చు నంబరు ఉందేమో వెతుకు. 82తో, 77తో మొదలయ్యే పది అంకెల నంబర్లు రెనో కుటుంబంలో చాలా బండ్లకు వాడినవి. 6001తో మొదలైతే అది ఎక్కువగా లోగాన్ కుటుంబానికే ప్రత్యేకం. ఆ నంబరును ఫోటో తీసుకుని, నంబరుతోనే అడుగు, బండి పేరు అసలు ఎత్తకు. ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. డస్టర్లో ఇదే ఇంజన్ ఉంది కదా అని డస్టర్ ఇంజెక్టరో టర్బోనో తెచ్చి బిగించమంటే కుదరదు. శక్తి పెరిగేకొద్దీ ఇంజెక్టరు, టర్బో, పంపు మారతాయి. 65 హార్స్‌పవర్ వాటిలో ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి వచ్చే వేడి గాలిని చల్లబరిచేది) కూడా ఉండదు. నంబరు కలిస్తేనే సామాను కలిసినట్టు.

నిజంగా ఇబ్బంది పెట్టేవి బాడీ సామాన్లు. హెడ్‌లైటు, బంపరు, తలుపు లోపలి హ్యాండిల్, ముందు గ్లాసు. వీటికి డస్టర్ సాయం రాదు. పైగా 2012 మధ్యలో మహీంద్రా ముందు వెనక రూపు మార్చింది, పాతదానికీ కొత్తదానికీ లైట్లు వేరు. నువ్వు చెప్పిన బండి అదే ఏడాదిది కాబట్టి ఏ రూపుదో చూసి రాసుకో, రేపు లైటు పగిలితే అడగాల్సింది ఏదో తెలుస్తుంది. ట్యాక్సీలుగా తిరిగిన వెరిటోలు తుక్కుకు వచ్చేచోట పాత తలుపులు, అద్దాలు దొరుకుతాయి. పాత బండ్ల సామాను అమ్మే చెన్నై పుదుపేట వైపు వెళ్లే మెకానిక్ ఎవరన్నా నీకు తెలిసి ఉంటే ఆ పని ఇంకా తేలిక. అందుకే ఇన్సూరెన్స్ ఆలోచించేటప్పుడు చిన్న దెబ్బల గురించి కాకుండా గ్లాసు, లైట్ల గురించి ఎక్కువ ఆలోచించు. మీ చుట్టాలు చెప్పినదాంట్లో నిజమైన పావు వంతు ఇదే.

ఇప్పుడు మొదటి భయం, టైమింగ్ బెల్ట్. ఈ ఇంజన్‌కు చైను లేదు, రబ్బరు బెల్ట్. ఆ ఒక్క బెల్టే వాల్వులు తెరిచి మూసే క్యామ్ షాఫ్ట్‌ను తిప్పుతుంది, డీజిల్ హై ప్రెషర్ పంపును తిప్పుతుంది, వాటర్ పంపును తిప్పుతుంది. నడుస్తుండగా తెగితే వాల్వులు పిస్టన్లకు తగులుతాయి, ఇంజన్ హెడ్డు విప్పాల్సిందే. ఈ బండి ఖరీదుకు ఆ రిపేరు ఏమాత్రం గిట్టుబాటు కాదు. రిటైర్డ్ టీచర్ గారి బండి కాబట్టి బహుశా నెమ్మదిగా, తక్కువగా నడిచి ఉంటుంది. అది మంచిదే కానీ బెల్టుకు కిలోమీటర్లు ఒక్కటే లెక్క కాదు. రబ్బరు వయసుతో కూడా పోతుంది, అందులోనూ మన ఒంగోలు, నెల్లూరు వేసవి వేడికి ఇంకా తొందరగా ఎండుతుంది. ఆయన్ని మర్యాదగా అడుగు: "సార్, టైమింగ్ బెల్ట్ ఎప్పుడు మార్పించారు, బిల్లు ఉందా?" అని. మార్చామని నోటిమాటగా చెబితే లెక్కలోకి తీసుకోవద్దు. ఆయన అబద్ధం చెబుతున్నారని కాదు. గ్యారేజీ వాళ్లు బయటి ఫ్యాన్ బెల్ట్ మార్చి "బెల్ట్ మార్చాం సార్" అంటారు, ఆయన అదే అనుకుంటారు. ఈ తికమక చాలాసార్లు చూశాను. బిల్లు మీద టైమింగ్ కిట్ అని, టెన్షనర్ (బెల్ట్‌ను బిగువుగా పట్టి ఉంచే చక్రం) అని రాసి ఉండాలి.

బిల్లు లేకపోతే ధరలో కిట్టు ఖర్చు, వాటర్ పంపు ఖర్చు, కూలీ తగ్గించి మాట్లాడు. కొన్న వెంటనే మార్పించు, తిరుపతి వెళ్లొచ్చాక చూద్దాం అనుకోకు. బెల్ట్ ఒక్కటి మార్చి టెన్షనర్, పంపు పాతవే ఉంచడం ఈ ఇంజన్లో తప్పుడు పొదుపు. పంపు బేరింగ్ పట్టేస్తే కొత్త బెల్టే తెగుతుంది. మెకానిక్‌ను ఎంచుకునేటప్పుడు ఒక్క ప్రశ్న అడుగు: "లాకింగ్ పిన్నులు ఉన్నాయా?" అని. క్రాంక్‌కు ఒకటి, క్యామ్‌కు ఒకటి పిన్ను పెట్టి కదలకుండా బిగించి బెల్ట్ ఎక్కించాలి. పెయింటుతో గీత పెట్టి ఎక్కిస్తానన్నవాడి దగ్గర ఆ పని చేయించకు, ఎంత చేయి తిరిగిన మనిషైనా సరే.

రెండో భయం నీళ్లు. మన ప్రకాశం జిల్లా వాళ్లకు చెప్పక్కర్లేదు, కనిగిరి, పొదిలి వైపు బోరు నీళ్ల సంగతి తెలిసిందే. తాగేవాళ్ల పళ్లూ ఎముకలూ పాడుచేసే నీళ్లు అవి. సముద్రం వైపు కొత్తపట్నం, సింగరాయకొండ దగ్గర ఉప్పు. ఆ నీళ్లు రేడియేటర్లో పోస్తే ఏమవుతుందో బిందె అడుగున పట్టిన తెల్లటి పొరను చూస్తే అర్థమవుతుంది. సన్నటి గొట్టాల్లో అదే పొర పడుతుంది, నీళ్ల దారిని తెరిచి మూసే థర్మోస్టాట్ పట్టేస్తుంది. మే నెలలో ఏసీ వేసుకుని ఐదుగురితో వెళ్తుంటే టెంపరేచర్ ఎర్ర గీత దాటుతుంది. అప్పుడు పోయేది హెడ్ గ్యాస్‌కెట్, అంటే ఇంజన్‌కూ హెడ్డుకూ మధ్య ఉండే సీలు. నేను చూసిన కె9కె హెడ్ పనుల్లో ఎక్కువ భాగానికి మూలం ఇంజన్ లోపం కాదు, దారిలో బోరింగ్ దగ్గర ఆపి సీసాతో పట్టి పోసిన నీళ్లు.

చూడటం తేలిక. ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు మాత్రమే కూలెంట్ డబ్బా మూత తియ్యి. లోపల రంగు స్పష్టంగా ఉండాలి. వేలు పెట్టి అంచు తుడువు. తుప్పు రంగు జిడ్డు అంటితే కూలెంట్ బదులు నీళ్లతో నడిపారు. మూత అడుగున తెల్లటి సున్నం పెచ్చులుంటే అదీ బోరు నీళ్లే. కాఫీ రంగు నురగ ఉంటే ఆయిల్ కలిసింది, ఇంకేం చూడకుండా నమస్కారం పెట్టి వచ్చెయ్యి. తర్వాత స్టార్ట్ చేసి ఏసీ వెయ్యి. ముందు రేడియేటర్ ఫ్యాను తిరగాలి. తిరగకపోతే ఏసీ చల్లగా వస్తున్నా సరే, ట్రాఫిక్‌లో వేడెక్కుతుంది. బండి బాగుండి నువ్వు తీసుకున్నాక, కలిపి అమ్మే రెడీమేడ్ కూలెంటో, గాఢమైన కూలెంట్‌లో డిస్టిల్డ్ వాటరో కలిపి నింపించు. ఒక సీసా ఎప్పుడూ డిక్కీలో ఉంచుకో. మళ్లీ ఆ బండిలో బోరు చుక్క పడకూడదు.

మూడోది డీజిల్ లైను. 65 హార్స్‌పవర్ బండికి డెల్ఫీ కంపెనీ వారి కామన్ రైల్ వ్యవస్థ ఉంటుంది, అంటే ఒకే గొట్టంలో ఎక్కువ ఒత్తిడితో నింపిన డీజిల్‌ను ఇంజెక్టర్లు ఇంజన్లోకి చిమ్ముతాయి. మంచి వ్యవస్థే, కానీ మురికి డీజిల్‌ను, ట్యాంకు ఎండిపోవడాన్ని తట్టుకోదు. గాలి పీలిస్తే పంపు లోపల లోహం అరిగి సన్నటి పొడి రాలుతుంది, ఆ పొడి నాలుగు ఇంజెక్టర్లలోకీ పోతుంది. అప్పుడు ట్యాంకు దగ్గర్నుంచి ఇంజెక్టర్ దాకా అన్నీ శుభ్రం చెయ్యాలి లేదా మార్చాలి. అందుకే చూడటానికి వెళ్లే ముందు రోజు ఆయనకు ఫోన్ చేసి, పొద్దున్నే వస్తాం, బండి స్టార్ట్ చెయ్యకుండా ఉంచండి అని అడుగు. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టు, చల్లగా ఉండాలి. తాళం తిప్పి గ్లో ప్లగ్ లైటు ఆరేదాకా ఆగి అప్పుడు సెల్ఫ్ కొట్టు. మంచి కె9కె మన వాతావరణంలో వెంటనే అందుకుంటుంది. పొడుగ్గా సెల్ఫ్ తీసుకుని, తెల్లటి పొగ వదిలి, ఊగుతూ అందుకుంటే ఇంజెక్టర్ల వాపసు కొలత చూపించాలి. అంటే ప్రతి ఇంజెక్టర్ నుంచి వెనక్కి వచ్చే డీజిల్‌ను చిన్న సీసాల్లో పట్టి పోల్చడం. నాలుగు సీసాల్లో ఒకదాంట్లో మిగతావాటి కంటే బాగా ఎక్కువ వస్తే అది అరిగిన ఇంజెక్టర్. డీజిల్ పని తెలిసినవాళ్లు ఎవరైనా చేస్తారు. కొనే ముందే చేయించుకో.

డీజిల్ ఫిల్టర్ దగ్గర లైను మీద నల్లటి రబ్బరు బల్బు ఒకటి కనిపిస్తుంది, గుప్పిట్లో పట్టేంత. ఫిల్టర్ మార్చినప్పుడు దాన్ని గట్టిపడేదాకా నొక్కి, గాలి పోగొట్టి అప్పుడు స్టార్ట్ చెయ్యాలి. చాలామంది ఆ బల్బును పట్టించుకోకుండా సెల్ఫ్ మీద సెల్ఫ్ కొడతారు, పంపు అరగడం అక్కడే మొదలవుతుంది. అది మెత్తగా, చీలకుండా ఉందో లేదో చూడు. డీజిల్ తడి ఉంటే గాలి కూడా పీలుస్తుందని అర్థం. ట్యాంకులో పావు వంతు ఎప్పుడూ ఉంచుకో. రద్దీగా ఉండే బంకుల్లోనే కొట్టించు.

ఆయిల్ గురించి ఒక్క మాట. 5డబ్ల్యూ-40 గ్రేడు, పది వేల కిలోమీటర్లకు లేదా ఏడాదికి, ఏది ముందైతే అది. లారీలకు పోసే చిక్కటి ఆయిల్ పోస్తే శబ్దం తగ్గుతుందని కొందరు పోయిస్తారు, వద్దు. యూరప్‌లో ఆయిల్ మార్పు మరీ ఆలస్యం చేసినచోట ఈ ఇంజన్లకు క్రాంక్ బేరింగులు పోయాయి. ఆయిల్ మూత తీసి, ఇంజన్ నడుస్తుండగా ఆ కన్నం మీద అరచెయ్యి పెట్టు. సన్నగా ఆవిరి రావడం మామూలే. చేతిని తోసేంత గాలి గుప్పుగుప్పున వస్తే పిస్టన్ రింగులు అయిపోయాయి.

సస్పెన్షన్ ఈ బండికి గర్వం. చీమకుర్తి వైపు గ్రానైట్ లారీలు తిరిగి గుంతలు పడ్డ రోడ్డు మీద ఒకసారి నడిపితే నీకే తెలుస్తుంది. ముందు లోయర్ ఆర్మ్ బుష్‌లు, లింక్ రాడ్లు అరిగి ఉంటే స్పీడ్ బ్రేకర్ దగ్గర టకటక వినిపిస్తుంది. అవి మార్చుకునేవే, భయపడక్కర్లేదు, కానీ బేరంలో చెప్పు. టైర్లు 185/70 ఆర్14, ఎక్కడైనా దొరుకుతాయి.

తుప్పు మాత్రం శ్రద్ధగా చూడు. నువ్వుండేది సముద్రపు గాలి తగిలే ఊరు, అది నువ్వు తీసుకున్నాకా ఉంటుంది. ఆయన ఒంగోలులో బండిని షెడ్డులో పెట్టారా, ఆరుబయట పెట్టారా అడుగు. డిక్కీలో కార్పెట్ పూర్తిగా ఎత్తి, మూలల్లో వేళ్లు పెట్టి చూడు. తడి, మట్టి వాసన, ఎర్రటి పొడి ఉన్నాయా? తలుపు అడుగు అంచుల్లో నీళ్లు పోయే చిన్న కన్నాలు మూసుకుపోయి ఉన్నాయా? పైపైన రంగు వేసి టింకరింగ్ చేసినచోట వేలితో తడితే మొద్దు చప్పుడు వస్తుంది. బండి కిందికి పడుకుని చూడటానికి సిగ్గుపడకు, పాత చాప ఒకటి తీసుకెళ్లు.

మీటరు లక్షా పది వేలు నిజమా అన్నది సర్వీస్ బిల్లుల మీద రాసిన అంకెలతో, టైర్ల మీద ఉండే వారం-సంవత్సరం నంబరుతో, క్లచ్ పెడల్ రబ్బరు అరుగుదలతో పోల్చుకో. టీచర్ గారి దగ్గర బిల్లుల ఫైలు ఉండే అవకాశం ఎక్కువ. ఆ ఫైలు ఉంటే ఆయన చెప్పిన ధరలో పెద్దగా తగ్గించమని అడగకు, అది న్యాయమైన ధరే.

దీని బదులు సెకండ్ హ్యాండ్ బాలెనో తీసుకోమని ఎవరో అన్నారని కూడా రాశావు. మంచి బండే, కానీ ధర ఎక్కడికో వెళ్తుంది. ఆ బాలెనోనే టయోటా 2019 నుంచి గ్లాంజా అని అమ్ముతోంది, దక్షిణాఫ్రికాలో స్టార్లెట్ అన్నారు. అక్కడ రెండు పేర్లున్నా ఎవరూ భయపడరు, ఎందుకంటే రెండు షోరూములూ ఊళ్లో కళ్లముందు ఉన్నాయి. వెరిటోకు షోరూము దీపం ఆరిపోయింది కాబట్టి భయం. నెలకు ఒక హైవే ప్రయాణం, మధ్యలో ఊళ్లో కొద్దిగా తిరగడం, అంతకంటే వాడకం లేకపోతే నీకు బాలెనో అవసరం లేదు. కానీ వారం వారం చెన్నై తిరిగే పని ఉంటే, లేదా నీకు నమ్మకమైన మెకానిక్ ఒంగోలులోనో కావలిలోనో లేకపోతే, డబ్బు కూడబెట్టుకుని ఇంకొంచెం కొత్త బండే తీసుకో. ఈ బండి మెకానిక్ లేని ఇంటికి పనికిరాదు. ఎవరన్నా పెట్రోల్ వెరిటో చూపిస్తే నా సలహా వద్దని. ఇప్పుడు బంకుల్లో వచ్చే ఇరవై శాతం ఇథనాల్ పెట్రోల్‌కు అప్పటి రబ్బరు గొట్టాలు, సీళ్లు తయారు చేసినవి కావు.

చివరగా కాగితాలు. 2012లో రిజిస్టర్ అయింది కాబట్టి 2027లో పదిహేనేళ్లు నిండుతాయి. ఢిల్లీలో లాగా పదేళ్లకే డీజిల్ బండి ఆపెయ్యాలన్న నిబంధన మనకు లేదు, కానీ పదిహేనేళ్లకు ఫిట్‌నెస్ చూపించి, గ్రీన్ ట్యాక్స్ కట్టి, అయిదేళ్లకు రెన్యువల్ చేయించుకోవాలి. ఆర్‌సీ మీద చెల్లుబాటు తేదీ చూసి, ఆ ఖర్చు, ఆ తిరుగుడు కూడా బేరంలో కలుపుకో. బండి మీద ఫైనాన్స్ ఉన్నట్టు ఆర్‌సీలో కనిపిస్తే, అప్పు తీరిపోయిందని ఆయన చెప్పినా బ్యాంకు ఎన్‌ఓసీ, ఆర్‌సీలో ఫైనాన్స్ పేరు తీసేయించే ఫారం 35 చేతికి వచ్చాకే డబ్బు ఇవ్వు. బండి పేరు మార్పిడికి వాడే ఫారం 29, 30 మీద ఆయన సంతకాలు తీసుకోవడంతో ఆగకు, నీ పేరు మీద ఆర్‌సీ మారేదాకా వెంటపడు. పాత చలానాలు ఆన్‌లైన్లో చూసి ఆయన చేతే కట్టించు. ఇన్సూరెన్స్ కూడా నీ పేరుకు మార్పించు. ఆర్‌సీలో ఇంజన్ నంబరు, బండి మీద ఉన్న నంబరు ఒకటేనా అని టార్చి వేసి చూడు. నెల్లూరులో తమిళనాడు రిజిస్ట్రేషన్ వెరిటోలు ఇంకా చవకగా కనిపిస్తాయి. వాటికి అక్కడి ఎన్‌ఓసీ, ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్ కలిపితే చవక ఏమీ మిగలదు, అటు చూడకు.

పొద్దున్నే చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసేటప్పుడు ఫోన్లో వీడియో తీసి, కూలెంట్ డబ్బా లోపలి ఫోటో, బెల్ట్ బిల్లు ఫోటో ఇక్కడ పెట్టు, చూసి చెబుతాను. ముందే స్టార్ట్ చేసి వేడెక్కించి ఉంచితే ఆ రోజు బేరం మాట్లాడకుండా ఇంకో రోజు వస్తామని చెప్పి వచ్చెయ్యి.